ఎవరి పాట ఎవరు పాడాలి?

పరుల బాధను చెప్పే హక్కు రచయితకు ఎక్కడినుంచి వస్తుంది? ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ "మాలపల్లి" ప్రకటించారు. మాలవాడలో పుట్టని మనిషి మాలవాడ కథ రాశాడు. ఏడు దశాబ్దాలు గడిచాక దళిత కవులు తమ గొంతుతో తాము మాట్లాడుతూ, ఇంతకాలం మా తరఫున మాట్లాడినవారెవరని నిలదీశారు. నేను తరగతిలో ఈ రెండూ చెప్పవలసినవాణ్ణి. విద్యార్థులు సమాధానం అడుగుతారు. అడగటం న్యాయం.

మన విమర్శలో ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు చలామణీలో వున్నాయి. కళకు కులమతాలు లేవు, మంచి రచయిత ఎవరి గుండెలోకైనా ప్రవేశించగలడు అన్నది ఒకటి. అనుభవించినవాడే చెప్పాలి, మిగతావాళ్లు పక్కకు తప్పుకోవాలి అన్నది రెండవది. మొదటిది వినటానికి ఉదాత్తంగా వుంటుంది గాని, ఆచరణలో అది చాలాసార్లు బలవంతుడి చేతిలో అనుమతిపత్రం. రెండవదాని వెనుక న్యాయమైన ఆగ్రహం వుంది. కాని దాన్ని చివరిదాకా లాక్కుపోతే సంఘీభావం అనే మాటకు అర్థం మిగలదు.

ఇటువంటి ప్రశ్నను మన ఇంటి తగాదాగా కాక, మనకు బంధుత్వమూ వైరమూ లేని మరొకచోట పరీక్షించి చూడటం మేలు. 2020లో కరోనా మూలంగా సభామందిరాలు మూతపడినప్పుడు అమెరికాలోని యూదు సాంస్కృతిక సంస్థలు అనేకం తమ ఉపన్యాసాలను అంతర్జాలంలోకి మార్చాయి. యూదుల చరిత్ర, యిద్దిష్ భాష, సంగీత నాటకం అన్నీ వాటిలో వున్నాయి. అంతకుముందు న్యూయార్కులో ఒక వందమంది వినే ఉపన్యాసం కోస్తా జిల్లాలోని తెలుగు అధ్యాపకుడికి కూడా అందింది. అలాంటివి చాలా విన్నాను, కృతజ్ఞత వుంది. అయితే వాటిలో కొన్ని ముగిసేచోటనే అసలు ప్రశ్న మొదలవుతుందని నాకు తోచింది. ఈ వ్యాసం దాని గురించి.

* * *

ఈ సంగీత నాటకానికి మొదలు బ్రాడ్వేలో లేదు. 1876లో రుమేనియాలోని యాష్ నగరంలో అబ్రహాం గోల్డ్‌ఫాడెన్ అనే కవి యిద్దిష్ భాషలో మొదటి వృత్తి నాటక సమాజాన్ని స్థాపించాడు. యిద్దిష్ తూర్పు యూరపు యూదుల ఇంటి భాష. పవిత్ర గ్రంథాల భాష హీబ్రూ. యిద్దిష్‌ను చదువుకున్నవారు చాలామంది యాస అని ఈసడించారు. గ్రాంథిక వ్యావహారిక వివాదం తెలిసిన మనకు ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు. 1881లో జారు రెండవ అలెగ్జాండర్ హత్య జరిగింది. యూదులమీద మూకదాడులు చెలరేగాయి. 1883లో జారు ప్రభుత్వం యిద్దిష్ నాటకాన్ని నిషేధించింది. నటులు లండనుకూ న్యూయార్కుకూ దారి పట్టారు. వాళ్ల ప్రేక్షకులు కూడా అదే దారి పట్టారు. 1881కీ 1924కీ నడుమ 20 లక్షలకు పైగా తూర్పు యూరపు యూదులు అమెరికా చేరారు.

వాళ్లు చేరిన న్యూయార్కు లోయర్ ఈస్ట్ సైడ్‌లో కాపురం ఇరుకు గదుల్లో, పని బట్టలు కుట్టే కార్ఖానాల్లో. 1911లో ట్రయాంగిల్ కార్ఖానా తగలబడినప్పుడు, బయటపడే తలుపు తాళం వేసి వుండగా, 146 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది యూదు, ఇటాలియన్ యువతులు. ఇటువంటి శ్రామికులే సెకండ్ అవెన్యూ యిద్దిష్ నాటకశాలలను నింపారు.

వారి పిల్లలు సెకండ్ అవెన్యూనుంచి బ్రాడ్వేకు నడిచారు. దూరం కొద్ది మైళ్లే. కాని ఆ దారిలో చాలామంది పేర్లు మారిపోయాయి. ఇజ్రాయెల్ బేలిన్ అర్వింగ్ బెర్లిన్ అయ్యాడు. ఆసా యోయెల్సన్ అల్ జాల్సన్ అయ్యాడు. జెరోమ్ రాబినోవిట్జ్ జెరోమ్ రాబిన్స్ అయ్యాడు. అమెరికా అంతా క్రిస్మస్‌కు పాడుకునే పాటల్లో అతి ప్రసిద్ధమైన దాన్ని రాసినవాడు ఈ బెర్లినే.

నేను విన్న ఉపన్యాసాల్లో ఈ పేర్ల జాబితా తప్పకుండా వస్తుంది. ఫలానా ఆయనా మనవాడే, ఫలానా ఆయనా మనవాడే అని. ఇది గర్వం. అవమానాలు పడిన జాతికి గర్వం అవసరమే. కాని జాబితా చరిత్ర కాదు. పేరు ఎందుకు మార్చుకోవలసి వచ్చిందో చెప్పినప్పుడే అది చరిత్ర అవుతుంది. 1915లో జార్జియాలో లియో ఫ్రాంక్ అనే యూదుణ్ణి మూక చెట్టుకు ఉరివేసింది. 1920నుంచి మోటారు కార్ల అధిపతి హెన్రీ ఫోర్డ్ తన సొంత పత్రికలో యూదులమీద విషం కక్కాడు. జాజ్ సంగీతాన్ని కూడా యూదుల కుట్రగా చిత్రించాడు. 1922లో హార్వర్డ్ విశ్వవిద్యాలయాధ్యక్షుడు యూదు విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెట్టాలన్నాడు. 1924 చట్టం తూర్పు, దక్షిణ యూరపు వలసలకు తలుపు దాదాపు మూసివేసింది. ఇవన్నీ ముందు పెట్టుకుని చూస్తే, పేరు దాచుకోవటం పిరికితనం అని తీర్పు చెప్పటానికి మనకు నోరు రాదు.

అయితే తన పేరు దాచుకున్నవాడు పాడటానికి ఎవరి పాట తీసుకున్నాడు? అసలు చిక్కు ఇక్కడ వుంది.

* * *

1927లో వచ్చిన "ద జాజ్ సింగర్" సినిమా కథ, ప్రార్థనామందిరంలో పాడే యూదు గాయకుడి కొడుకు తండ్రి మాట కాదని రంగస్థలానికి పోవటం. ఆ కొడుకు పాత్ర వేసిన జాల్సన్ మొహానికి నల్లరంగు పూసుకుని పాడతాడు. నల్లజాతి మనిషి వేషం వేసి, ఆ వేషం ద్వారా తెల్ల అమెరికాలో స్థానం సంపాదించాడు. అతని గొంతులో నిజమైన వేదన వుందని వాదించేవారున్నారు. వుండవచ్చు. కాని ఆట ముగిశాక రంగు కడుక్కోగలిగినవాడు అతనే. ఎవరి రంగును అతను అద్దుకున్నాడో వాళ్లు కడుక్కోలేరు. లాభం ఒకరిది, నష్టం మరొకరిది.

అదే సంవత్సరం డిసెంబరులో "షో బోట్" బ్రాడ్వేకు వచ్చింది. నవల రాసిన ఎడ్నా ఫెర్బర్, సంగీతం కట్టిన జెరోమ్ కెర్న్ యూదులు. పాటలూ సంభాషణలూ రాసిన ఆస్కార్ హామర్‌స్టైన్ తండ్రివైపునుంచి యూదు వంశీకుడు. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ వివాహాన్ని నిషేధించిన దుర్మార్గపు చట్టాన్ని వినోదశాలలో ప్రేక్షకుల కళ్లముందు పెట్టిన నాటకం అది. అదొక సాహసం. అయినా ఆ మొదటి ప్రదర్శనలోనే నల్లజాతి వంటమనిషి క్వీనీ పాత్రను ఒక తెల్ల నటి మొహానికి రంగు పూసుకుని వేసింది. ముందడుగూ పాత పాపమూ ఒకే వేదికమీద వున్నాయి. అభ్యుదయం తరచూ అలాగే నడుస్తుంది.

ఈ నాటకంలో మిసిసిపి నదీతీరాన మూటలు మోసే నల్లజాతి కూలీ పాడే పాట ఒకటి వుంది. ఆ పాటను ప్రపంచమంతా వినిపించినవాడు పాల్ రోబ్సన్. బానిసగా పుట్టి తప్పించుకున్న మనిషికి కొడుకు, నటుడు, గాయకుడు, యోధుడు. ఆయన ఆ పాత్రను 1928లో లండనులోనూ, 1932లో బ్రాడ్వేలోనూ, 1936లో సినిమాలోనూ వేశాడు. మూలంలో ఆ కూలీ అలిసిపోయి, బతుకుమీద విసుగు ప్రకటించి ఊరుకుంటాడు. 1930ల చివరినుంచి రోబ్సన్ కచేరీలలో ఆ మాటలు మార్చి పాడసాగాడు. అలసట స్థానంలో పోరాటం పెట్టాడు. ఎవరిని గురించి పాట రాశారో అతనే పాటను దిద్దాడు. పరుల కథ చెప్పినవాడి నిజాయితీకి ఇంతకంటె మంచి పరీక్ష లేదనుకుంటాను. నీవు చెప్పిన కథలోని మనిషి లేచి నిలబడి నీ మాట మార్చితే, ఆ మార్పుకు నీ కథలో చోటు వుందా?

మరొక పరీక్ష కూడా వుంది. 1935లో జార్జ్ గెర్ష్విన్ నల్లజాతివారి జీవితంమీద "పోర్గీ అండ్ బెస్" అనే సంగీత రూపకం కట్టాడు. అందులో నల్లవారిని చిత్రించిన తీరుమీద నల్లజాతి విమర్శకులకు ఆనాడే అభ్యంతరాలున్నాయి. వాటిలో నిజం వుంది. 1936లో ఆ బృందం వాషింగ్టన్ నగరంలోని నేషనల్ థియేటర్‌కు పోయింది. ఆ నాటకశాలలోకి నల్లజాతి ప్రేక్షకులకు ప్రవేశం లేదు. వేదికమీద నల్లవారు పాడవచ్చు గాని ఎదురుగా కూర్చోరాదు! పోర్గీ పాత్రధారి టాడ్ డంకన్, సహనటులు ప్రదర్శించమన్నారు. యాజమాన్యం కొన్ని రాయితీలతో బేరం పెట్టింది. వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి ఆ ప్రదర్శనలన్నిటికీ తలుపులు అందరికీ తెరవవలసి వచ్చింది. బృందం వెళ్లిపోయాక పాత పద్ధతే మళ్లీ వచ్చిన మాట నిజమే. అయినా గమనించవలసింది ఒకటుంది. రూపకాన్ని రాసినవారు ఎవరైనా, ఆ కొద్ది రోజుల న్యాయానికి ఉద్యోగాలు పణం పెట్టినవారు నల్లజాతి నటులు.

1949లో వచ్చిన "సౌత్ పసిఫిక్"లో రిచర్డ్ రోడ్జర్స్, హామర్‌స్టైన్ ఒక చిన్న పాట పెట్టారు. జాతిద్వేషం పుట్టుకతో రాదు, పసిపిల్లలకు పెద్దలు నేర్పిస్తే వస్తుంది అన్నది దాని సారాంశం. తీసివేయమని సలహాలు వచ్చాయి, వారు తీయలేదు. 1953లో జార్జియాలో కొందరు శాసనసభ్యులు ఆ పాట వెనుక మాస్కో వుందని, ఇటువంటి వినోదాలను నిషేధించాలని బిల్లు తెచ్చారు. సమానత్వం అనే మాట వినిపిస్తే మాస్కో కనిపించటం అక్కడి పాలకవర్గాలకు అలవాటు. ఇక్కడ రచయితలు తమ నాటకాన్ని తామే పణం పెట్టారు, ఒప్పుకోవాలి. అయితే అదే నాటకంలో అమెరికన్ సైనికుడు ప్రేమించిన ఆసియా పిల్ల లియాట్‌కు నోరు దాదాపు లేదు. సైనికుడు యుద్ధంలో చనిపోతాడు గనక పెళ్లి అనే ఇబ్బంది కూడా తప్పిపోతుంది. ఆమె తరఫున న్యాయం పలికారు గాని, ఆమెను పలకనివ్వలేదు.

వీటి పక్కన పెట్టి చూడవలసిన నాటకం "పిన్స్ అండ్ నీడిల్స్". 1937లో దాన్ని ప్రదర్శించినది స్త్రీల దుస్తులు కుట్టే కార్మికుల సంఘం. సంగీతం హరోల్డ్ రోమ్ కట్టాడు. నటులందరూ కుట్టుపనివాళ్లు, కత్తిరింపు పనివాళ్లు. పగలు మిషన్‌ముందు కూర్చోవాలి గనక మొదట్లో వారాంతపు రాత్రుళ్లే ఆడారు. అది 1,108 ప్రదర్శనలకు నోచుకున్నది. తమ కథ తాము పాడుకున్నవారు జనానికి అర్థం కారేమోనన్న భయం ఎంత ఉత్తదో ఈ ఒక్క అంకె చెబుతుంది.

* * *

చివరికి 1964లో యూదులు బ్రాడ్వేమీద తమ పేరుతో, తమ కథతో నిలబడ్డారు. "ఫిడ్లర్ ఆన్ ద రూఫ్" 3,242 సార్లు ఆడింది. షోలెమ్ అలైకెమ్ 1894నుంచి యిద్దిష్‌లో రాస్తూ వచ్చిన పాలవాడు తెవ్యె కథలు దీనికి మూలం. 1967లో టోక్యోలో ప్రదర్శించినప్పుడు అక్కడి నిర్మాత, ఇంత జపానీయమైన కథ అమెరికావాళ్లకు ఎలా అర్థమైందని రచయిత జోసెఫ్ స్టైన్‌ను అడిగాడట. ఉపన్యాసకులు ఈ కథ చెప్పి, ఇదీ విశ్వజనీనత అని చిరునవ్వుతో ముగిస్తారు.

నాకు అక్కడే అనుమానం. ఇర్వింగ్ హౌ వంటి విమర్శకులు ఆనాడే ఈ నాటకంమీద విరుచుకుపడ్డారు, యూదు జీవితాన్ని తియ్యని జ్ఞాపకంగా మార్చారని. దానికి నేను మరొకటి చేర్చదలిచాను. మూలంలో తెవ్యెకు ష్ప్రిన్ట్సె అనే కూతురు వుంది. ధనిక వితంతువు కొడుకు ఆమెను ప్రేమించి, ఇంట్లోవాళ్ల మాట విని మాయమవుతాడు. వాడి మేనమామ డబ్బుతో వ్యవహారం తేల్చబోతాడు. పిల్ల నీళ్లలో పడి చస్తుంది. బేల్కె అనే మరొక కూతురు తండ్రి సుఖం కోసం యుద్ధ కాంట్రాక్టులమీద బలిసిన ధనవంతుణ్ణి చేసుకుంటుంది. ఈ రెండు కథలూ నాటకంలో లేవు. విప్లవకారుడు పెర్చిక్ వెంట సైబీరియాకు పోయిన హోడెల్ కథ వుంది, పరమతస్థుణ్ణి చేసుకున్న చావా కథ వుంది. యూదు ధనికుడు యూదు పేదవాణ్ణి తొక్కిన కథలు మాత్రం లేవు. ఐదుగురు కూతుళ్ల కథలూ ఒక సాయంకాలంలో ఇమడవు, నిజమే. కాని జారిపోయినవి ఏవో చూడండి. నాటకం విశ్వజనీనం కావటానికి వదిలేసింది యూదుతనాన్ని కాదు, వర్గాన్ని. సంప్రదాయం చెదిరిపోవటం అందరికీ తియ్యని దుఃఖమే. డబ్బు మనిషిని చంపటం మాత్రం టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ తియ్యగా వుండదు.

ఈ నాటకం తెరవెనుక కథ కూడా మన ప్రశ్నకు సంబంధించిందే. దర్శకుడు జెరోమ్ రాబిన్స్ 1953లో అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం ముందు ఎనిమిదిమంది సహచరుల పేర్లు చెప్పాడు. తెవ్యె పాత్రధారి జీరో మోస్టెల్ 1955లో అదే సంఘం ముందు ఎవరి పేరూ చెప్పనన్నాడు; ఏళ్లతరబడి సినిమాల్లో, టెలివిజన్‌లో పని లేకుండా వుండిపోయాడు. ఒకడు తన పేరు మార్చుకున్నాడు, ఇతరుల పేర్లు అప్పగించాడు. మరొకడు ఇతరుల పేర్లు కాపాడి ఆకలిపడ్డాడు. అయినా మోస్టెల్ రాబిన్స్‌తో కలిసి పనిచేయటానికి ఒప్పుకున్నాడు. మన్నించి కాదు. పనినుంచి మనిషిని వెలివేయటం శత్రువు పద్ధతి, అది తన పద్ధతి కారాదని. రాబిన్స్‌ది గొప్ప ప్రతిభ. 1924లో ఆరేళ్ల వయసులో తాతగారి ఊరు రోజాంకా చూసి వచ్చాడు. తరువాత నాజీలు ఆ ఊరి యూదులను తుడిచిపెట్టారు. ఆ ఊరినే వేదికమీద నిలపాలని అతను తపించాడు. ప్రతిభ అతని నేరాన్ని చెరిపివేయదు, నేరం ప్రతిభను అబద్ధం చేయదు. అయితే ఆ నాటకానికి నైతికమైన వెల చెల్లించినవాడు ఎవరంటే మోస్టెల్ అని చెప్పక తప్పదు.

* * *

ఇంతవరకు తీర్పు పెట్టుబడిదారీ అమెరికామీద. ఇది మనకు సులభం. ఇదే గీటురాయిమీద మన పక్షాన్ని కూడా రాయకపోతే ఈ చర్చ అంతా వృథా.

1938లో మాస్కోలోని ప్రభుత్వ యూదు నాటకశాలలో తెవ్యె వేషం వేసినవాడు సోలొమన్ మిఖోయెల్స్. యిద్దిష్ నాటకానికి ప్రభుత్వమే ఇల్లు కట్టి ఇచ్చిన దేశం అది. ఆ ఘనత నిజం. 1943లో మిఖోయెల్స్, కవి ఇత్సిక్ ఫెఫర్ ఫాసిజంపై పోరుకు మద్దతు కూడగట్టటానికి అమెరికా పోయారు. అక్కడ రోబ్సన్ వారికి మిత్రుడయ్యాడు. 1948 జనవరిలో మిన్స్క్ నగరంలో మిఖోయెల్స్‌ను స్టాలిన్ ఆజ్ఞపై చంపి, రోడ్డు ప్రమాదంగా చూపించారు. 1949లో ఆ నాటకశాల మూసివేశారు. 1952 ఆగస్టు 12న ఫెఫర్‌తోసహా 13 మందిని, వారిలో పెరెత్స్ మార్కిష్ వంటి కవులనూ, మిఖోయెల్స్ తరువాత నాటకశాల నడిపిన నటుడు జుస్కిన్‌నూ, కాల్చివేశారు. ఆ సంవత్సరాలలో సోవియట్ యూదు రచయితలమీద వచ్చిన నేరారోపణలు చూడండి. జాతీయవాదులు అన్నది ఒకటి. మూలాలు లేని విశ్వపౌరులు అన్నది మరొకటి. తన పాట పాడితే సంకుచితుడు, అందరి పాట పాడితే మూలాలు లేనివాడు. ఇక ఏ పాట పాడాలి?

1949 జూన్‌లో రోబ్సన్ మాస్కో పోయాడు. ఫెఫర్‌ను చూడాలని పట్టుబట్టాడు. జైలునుంచి అతన్ని హోటలుకు తీసుకువచ్చారు. గదిలో రహస్య శ్రవణయంత్రాలున్నందున ఫెఫర్ సైగలతో తన స్థితి చెప్పాడని రోబ్సన్ కుమారుడు తరువాత రాశాడు. ఆ పర్యటనలో కచేరీ చివర రోబ్సన్ మిఖోయెల్స్‌నూ ఫెఫర్‌నూ పేరుతో స్మరించి, యిద్దిష్‌లో ఒక పాట పాడాడు. 1943లో విల్నా ఘెట్టోలో హిర్ష్ గ్లిక్ అనే యువకవి కట్టిన ప్రతిఘటన గీతం అది. నల్లజాతి గాయకుడు, యూదుల భాషలో, యూదులను అణచివేస్తున్న రాజధానిలో. అది ఎవరి పాట? ఆ రాత్రి దాన్ని పాడే హక్కు అతనికి లేదని అనగలిగినవాడు ఎవడు?

కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండును! అమెరికా తిరిగి వచ్చిన రోబ్సన్, సోవియట్‌లో యూదు వ్యతిరేకత వున్నదన్న వార్తలను బహిరంగంగా ఖండించాడు. ఆ వేసవి చివరనే పీక్‌స్కిల్‌లో అతని కచేరీమీద మూకలు నల్లవారినీ యూదులనూ కలిపి తిడుతూ దాడిచేశాయి. 1950నుంచి 1958 దాకా అతని పాస్‌పోర్టు లాక్కున్నారు. అటువంటి శత్రువు చేతికి ఆయుధం ఇవ్వకూడదని అతను అనుకున్నాడు. ఆ తర్కం మనకు పరిచితమే. అనేకసార్లు మన సభలలో విన్నదే. దానిలో బలం లేదని నేననను. కాని లెక్క కట్టి చూడాలి. పాట పాడినందుకు వెల చెల్లించినవాడు రోబ్సన్. మౌనం వహించినందుకు వెల చెల్లించినవాడు ఫెఫర్. రోబ్సన్ మాట్లాడివుంటే అతను బతికేవాడని ఎవరూ చెప్పలేరు. బతకడని కూడా చెప్పలేరు. గొప్పవాణ్ణి గొప్పవాడంటూనే ఈ లెక్కను అతని పేరు పక్కన రాయవలసివుంటుంది. రాయకపోతే మనం చేసేది విమర్శ కాదు, భజన.

* * *

కనుక పుట్టుక పరుల పాట పాడే హక్కును ఇవ్వదు, తీసివేయదు. చూడవలసినవి రెండు: ఆ పాటకు వెల చెల్లిస్తున్నది ఎవరు? దాన్ని దిద్దే అధికారం ఎవరికి వుంది? జాల్సన్ నల్లరంగులో ఈ రెంటికీ సమాధానం లేదు. డంకన్ నిరాకరణలోనూ, రోబ్సన్ మార్చిన మాటల్లోనూ వుంది. విశ్వజనీనత అంటే అందరికీ నచ్చేదాకా తన కథలోని ముళ్లు తీసివేయటం కాదు. ముళ్లతోసహా చెప్పగలగటం. ఆ ముళ్లలో కులమూ మతమూ వుంటాయి, వర్గమూ వుంటుంది. ఒకదాన్ని చూపించి రెండవదాన్ని దాచేవారు రెండు శిబిరాల్లోనూ వున్నారు.

ఈ చరిత్ర చెప్పబోతే విద్యార్థి లేచి, పాలస్తీనా మాటేమిటని అడుగుతాడు. అడగాలి. యూదుల మీద జరిగిన దారుణాలు చదవటం ఏ రాజ్యానికీ వత్తాసు కాదు. పాలస్తీనా ప్రజల బాధను గుర్తించటానికి తెవ్యెను మరవనక్కరలేదు. ఒకరి శోకానికి చోటివ్వాలంటే మరొకరి శోకాన్ని బయటికి నెట్టాలనటం, కళకు కులం లేదనే వాదం కంటె కూడా ప్రమాదకరం.

అంతర్జాలంలో దొరికే ఈ ఉపన్యాసాలను మన విద్యార్థులు వినాలని నా కోరిక. ఒక జాతి తన భాషనూ, తన పాటనూ, చంపబడిన తన ప్రేక్షకులనూ ఎంత ఓపికగా తిరిగి పోగుచేసుకుంటున్నదో చూడటం ఒక విద్య. 2018లో న్యూయార్కులో ఆ ఫిడ్లర్ నాటకాన్నే యిద్దిష్‌లో ఆడారు. చాలామంది ప్రేక్షకులకు ఆ భాష రాదు, పక్కన అనువాదం చదువుకుంటూ చూశారు. విన్న తరువాత మాత్రం మనవాళ్లు పేర్ల జాబితా రాసుకోవద్దు. ఎవరు ఎవరి పాట పాడారు, ఆ పాటకు ఎవరు నష్టపోయారు, ఎవరు నోరు మెదపలేదు అని రాసుకోవాలి. ఆ పుస్తకంలో మన సాహిత్యానికి కూడా కొన్ని పేజీలు ఖాళీగా వుంచుకోవాలి. వాటిని నింపటం మొదలుపెడితే "మాలపల్లి" చర్చ మళ్లీ మొదటినుంచి రావలసిందే. రానివ్వండి.